"నాకేం తెలుసు" అనే మామ్మ దగ్గర ఏం అడగాలి? వీధి జ్ఞాపకాలు సేకరిస్తున్న బరంపురం పిల్లలకు జవాబు

ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లది నేతవారి వీధి. ఐదుగురు స్నేహితులు కలిసి వీధిలోని పెద్దవాళ్ల జ్ఞాపకాలను ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టారు. మొదట ఎనభై దాటిన ఒక మామ్మ దగ్గరికి వెళ్లి "మన వీధి చరిత్ర చెప్పు మామ్మా" అని అడిగితే, ఆమె "నాకేం తెలుసమ్మా, చదువుకున్నదాన్నా?" అని లోపలికి వెళ్లిపోయారట. రెండో ఇంట్లో ఒక తాతగారు గంటసేపు ఉత్సాహంగా చెప్పారు గానీ, తర్వాత వింటే ఫ్యాను హోరు తప్ప ఏమీ వినిపించలేదట. పైగా ఐదుగురిలో తెలుగు చదవడం, రాయడం వచ్చినది ఒక్కరికే. మిగిలినవారికి ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా రాయడం వచ్చింది ఒడియా లిపిలోనే. "మేము ఈ పనికి తగినవాళ్లమేనా?" అని ఆమె అడిగింది.

తగినవాళ్లే. మీకంటే తగినవారు నాకు కనిపించడం లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు ఇళ్ల గడపలు ఎక్కి పెద్దల మాటలు రికార్డు చేస్తున్నాను. ఎంత తిరిగినా నేను ఆ ఇళ్లకు చుట్టాన్నే. నాకు మంచి కుర్చీ వేస్తారు, మంచి మాటలే చెప్తారు. మీకు ఆ మర్యాదలు ఉండవు. మీరు మళ్లీ రేపు వెళ్లగలరు, ఎల్లుండి వెళ్లగలరు, నీళ్ల బిందె పట్టుకోవడానికి వెళ్లి అరుగు మీద కూర్చోగలరు. ఈ పనికి అన్నిటికంటే ముఖ్యమైన అర్హత అదే.

ఇక ఆ మామ్మ సంగతి. ఆమెను లోపలికి పంపింది "చరిత్ర" అన్న మాట. ఆమె తరం ఆడవాళ్లకు చరిత్ర అంటే రాజులది, బళ్లో చదువుకున్నవాళ్లది. మీరు అడిగిన వస్తువు తన దగ్గర లేదని ఆమె నిజాయితీగా చెప్పారు, అంతే. నేతవారి ఇళ్లలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. గుంట మగ్గంలో కూర్చున్నవాడినే అందరూ నేతగాడు అంటారు. దారం తోడడం, కండెలు (దారం చుట్టే చిన్న గొట్టాలు) చుట్టడం, తెగిన పోగులు అతకడం ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు చేస్తారు. చీర అమ్మిన లెక్కలో ఆ చేతుల పేరు ఎక్కడా రాదు. అరవై ఏళ్లు పని చేసినా అది పనిగా ఎవరూ లెక్కపెట్టని మనిషికి, తన బతుకులో చెప్పదగినది ఉందని ఎలా తోస్తుంది?

కాబట్టి చరిత్ర అడగవద్దు, పని అడగండి. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు? కండెలు చుట్టడం పుట్టింట్లో నేర్చుకున్నారా, అత్తగారు నేర్పారా? పట్టు పోగు తెగితే మామగారు ఏమనేవారు? పండగ ముందు నెలలో రాత్రి ఎంతవరకు మగ్గం ఆడేది, దీపం ఎక్కడ పెట్టేవారు? బరంపురం అప్పడాలకు, పచ్చళ్లకు పేరున్న ఊరు కదా, మీ వీధిలో అప్పడాల పిండి ఎవరి ఇంట్లో దంచేవారు, దంచుతూ ఏం మాట్లాడుకునేవారు? వీటికి "నాకేం తెలుసు" అన్న జవాబు రాదు. వీలైతే ప్రశ్న కూడా అడగకుండా ఒక వస్తువు చేతికివ్వండి. పాత నాడె (మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది), తుప్పు పట్టిన కత్తెర, పెళ్లి ఫొటో, రేషను కార్డు, ఏదైనా సరే. చేతికి తెలిసిన వస్తువు తగిలితే నోరు దానంతట అదే కదులుతుంది. ఒకావిడ నాతో గంటసేపు ముక్తసరిగా మాట్లాడి, మనవడు పాత రాట్నం అటక మీద నుంచి దింపగానే, అది తిప్పుతూ తన పెళ్లినాటి అప్పు సంగతి మొదలుపెట్టారు. ఆ అప్పు ఎవరు ఇచ్చారు, ఎన్ని చీరలతో తీర్చారు, షావుకారు ఎలా మోసం చేశాడు అన్నీ వరసగా వచ్చాయి. మీ వీధి ఆర్థిక చరిత్ర అంటే అదే.

మీరు అడిగి ఊరుకోవడం కూడా నేర్చుకోవాలి. ముసలివాళ్లు ఆగుతారు. ఆ ఖాళీని మీరు ఇంకో ప్రశ్నతో నింపితే, రాబోతున్న మాట వెనక్కి పోతుంది. నేను మనసులో పది వరకు లెక్కపెట్టుకుంటాను. చాలాసార్లు ఏడు దగ్గరే మాట వస్తుంది. ఇంట్లో పక్కన ఎవరు కూర్చున్నారో కూడా గమనించండి. కొడుకు ఉన్నప్పుడు తల్లి చెప్పే కథ వేరు, కోడలు ఒక్కతే ఉన్నప్పుడు చెప్పే కథ వేరు. రెండూ నిజమే. రెండూ కావాలంటే రెండుసార్లు వెళ్లాలి.

తేదీల విషయంలో మీరు తప్పకుండా తికమక పడతారు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. పెద్దవాళ్లు సంవత్సరాలతో కాలాన్ని కొలవరు. బరంపురంలో బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్లకొకసారి వస్తుంది, అమ్మవారు నేతవారి పెద్ద దేశీబెహెరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. మొక్కు ఉన్నవాళ్లు వేషాలు కడతారు. మీ వీధి తాతగారికి తన పుట్టిన సంవత్సరం తెలియకపోవచ్చు గానీ, ఏ జాతరలో పులి వేషం కట్టాడో, అప్పుడు తమ్ముడు చంకలో ఉన్నాడో నడుస్తున్నాడో తెలుసు. దాన్ని పట్టుకుని లెక్క కట్టండి.

తుఫానులు కూడా మంచి గుర్తులే, కానీ ఇక్కడ ఒక గొయ్యి ఉంది. "దసరా గాలివాన" అని చెప్పగానే సంవత్సరం రాసేసుకోకండి. 1999 అక్టోబర్ 17న గంజాంను కొట్టిన తుఫాను దసరా రోజుల్లోనే వచ్చింది. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ దసరాకే. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్ని ముంచిన తిత్లీ కూడా నవరాత్రుల్లోనే. ఇది చాలదన్నట్టు, 1999లో మన తుఫాను వచ్చిన పన్నెండు రోజులకే, అక్టోబర్ 29న, ఉత్తరాన పారాదీప్ దగ్గర మహా తుఫాను వచ్చింది. లోకం అంతా గుర్తుపెట్టుకున్నది దాన్నే. టీవీలో ఏటా దాని గురించే చెప్తారు. అందువల్ల మన జిల్లాలో చాలామంది తమ కప్పు ఎగిరిపోయిన రోజును ఆ రెండో తుఫానులో కలిపేసి చెప్తారు. అది విన్నప్పుడు "కాదు తాతగారూ, అది వేరు" అని దిద్దకండి. చెప్పినట్టే రికార్డు కానివ్వండి. తర్వాత "అప్పుడు ఇంట్లో ఫోను ఉందా? పెద్దమ్మాయి పెళ్లి అయ్యిందా? కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది?" అని పక్కదారిలో అడిగి, తేదీని మీ నోటు పుస్తకంలో విడిగా రాసుకోండి. ఎందుకు కలిపేసుకున్నారన్నది కూడా మీరు సేకరించవలసిన సంగతే. పక్క జిల్లా దుఃఖం పెద్దదైతే మన దుఃఖం దాని పేరుతోనే గుర్తుండిపోతుంది.

గోపాల్‌పూర్ అనగానే ఇంకొకటి గుర్తొచ్చింది. "రంగం" అన్న మాట మీ చెవిన పడితే అక్కడే ఆగండి. మన పెద్దవాళ్లకు రంగం అంటే రంగూన్. గోపాల్‌పూర్ రేవు నుంచి ఓడ ఎక్కి బర్మాకు కూలికి వెళ్లిన కుటుంబాలు గంజాంలోనూ, శ్రీకాకుళం వైపూ ఎన్నో ఉన్నాయి. 1941 డిసెంబర్ 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, లక్షలమంది అడవులు, కొండలు దాటుకుంటూ కాలినడకన తిరిగి వచ్చారు. నడిచి వచ్చినవారు ఇప్పుడు లేరనే అనుకోవాలి, కానీ వాళ్ల పిల్లలు ఉన్నారు. తండ్రి చెప్పిన దారి పేర్లు, దారిలో వదిలేసిన మనిషి పేరు, ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉన్న ఒక బర్మా మాట, ఒక పెట్టె, ఇవి వాళ్ల దగ్గర ఉంటాయి. ఇంకో పదేళ్లు ఆగితే ఉండవు.

ఇప్పుడు మీరు భయపడుతున్న అసలు విషయానికి వస్తాను. తెలుగు రాయడం రాకపోతే ఏం చేయాలి?

నా తప్పు ఒకటి చెప్తాను. 1990ల చివర్లో నేను మొదలుపెట్టినప్పుడు క్యాసెట్ల మీద రికార్డు చేసేవాణ్ణి. గంజాం జిల్లాలో ఒక ఊళ్లో పట్టు నేసే ఒక వృద్ధుడు మూడు సాయంత్రాలు మాట్లాడారు. ఆయన తెలుగు మనందరిలాగే ఒడియాతో కలిసిపోయిన తెలుగు. వాక్యం తెలుగులో మొదలై ఒడియా మాట మీదుగా తెలుగు క్రియతో ముగిసేది. నేను ఆ క్యాసెట్లు విని కాగితం మీద ఎత్తి రాస్తూ, "మంచి తెలుగు"లోకి మార్చాను. ఒడియా మాట వచ్చిన చోటల్లా తెలుగు మాట వేశాను. వాక్యాలు సరిచేశాను. గర్వపడ్డాను కూడా. నాలుగేళ్ల తర్వాత చూస్తే సముద్రపు తేమకు ఆ క్యాసెట్లకు బూజు పట్టింది. ఇప్పుడు మిగిలింది నా చేతి రాత మాత్రమే. పోగుల మీద ముడి వేసే ఒక పద్ధతికి ఆయన ఒక మాట వాడారు. నేను దాన్ని "ముడి" అని రాశాను. అది తెలుగు మాటా, ఒడియా మాటా, వాళ్ల ఇంటి మాటా నాకు గుర్తు లేదు. ఆ ఊళ్లో ఇప్పుడు మగ్గాలు లేవు. ఎంతమందిని అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మాటను లేకుండా చేసింది నేను, నా మంచి తెలుగు.

అందుకే మీకు తెలుగు రాయడం రాకపోవడం చూసి నేను బాధపడటం లేదు. సరిదిద్దాలన్న అహంకారం మీకు ఉండదు. ఒడియా లిపిలోనే రాయండి. వినిపించిన తెలుగును, వినిపించినట్టే, మీ చేతికి వచ్చిన అక్షరాల్లో రాయండి. కానీ ఒడియాలోకి అనువదించకండి. లిపి మారినా మాట మారకూడదు. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేరు వేరు గుర్తులు లేవు, ఒ, ఓ లకూ లేవు. మెడ అని రాసినా మేడ అని రాసినా ఒకేలా కనబడుతుంది. కొన, కోన కూడా అంతే. దీర్ఘం ఉన్న చోట అక్షరం పైన ఒక చిన్న గీత పెట్టాలని మీ ఐదుగురూ ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. రెండోది, ఒడియాలో తలకట్టు అక్షరాన్ని ఒ వైపు గుండ్రంగా పలుకుతారు. తెలియనివాళ్లు మీ రాత చదివితే మాటంతా ఒడియా యాసలో వినిపిస్తుంది. కాబట్టి పుస్తకం మొదటి పేజీలోనే "ఇది తెలుగు, అ ను అ గానే చదవాలి" అని రాసిపెట్టండి. తెలుగు లిపి వచ్చిన ఆ ఒక్కరూ తీరిగ్గా తర్వాత మార్చవచ్చు. ఒడియా మాట వస్తే దాని కింద గీత గీయండి, కొట్టేయకండి.

ఇలా వేరే లిపిలో భాషను పట్టుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. పర్లాకిమిడిలో రాజావారి బడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు కొండల్లో ఉండే సవర గిరిజనుల, అప్పట్లో లిపి లేని భాషను నేర్చుకుని, సవరల పాటలు, కథలు తెలుగు లిపిలో రాసుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల ఆయన చెవులు దెబ్బతిన్నాయని చెప్తారు. ఇతరుల మాట వినడానికే బతుకు పెట్టిన మనిషికి వినికిడి పోయింది. అయినా ఆ పని మానలేదు. సవర నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయన పర్లాకిమిడిలో లేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, పట్టణం ఒడిశాలోకి వచ్చింది. ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. వ్యవహారంలో ఉన్న భాషకే విలువ ఉందని జీవితాంతం వాదించిన మనిషి మన జిల్లాల్లోనే ఆ వాదన నేర్చుకున్నారని నేను నమ్ముతాను.

మన ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చిన ఆ 1936 గురించి మీ వీధిలో అడగాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. కళ్లతో చూసి గుర్తున్నవారు ఇప్పుడు అరుదు. "విభజన జరిగినప్పుడు ఎలా ఉండేది?" అని అడిగితే పత్రికలో చదివిన మాటలే తిరిగి వస్తాయి. దానికి బదులు నేను చేసే పని ఒకటి ఉంది: పెళ్లి శుభలేఖలు అడుగుతాను. ప్రతి ఇంట్లో పెట్టె అడుగున నాలుగైదు ఉంటాయి. తాతగారి పెళ్లిది తెలుగులో, పెద్దకొడుకుది ఒకవైపు తెలుగు ఒకవైపు ఒడియా, మనవరాలిది ఒడియా, ఇంగ్లీషు. వాటిని వరసగా చాప మీద పరిచి ఫొటో తీయండి. ఆ తర్వాత ఒక్కటే ప్రశ్న అడగండి: "తెలుగు వేయించడం ఎందుకు మానేశారు?" వియ్యాలవారికి చదవడం రాదని ఒకరు చెప్తారు, ప్రెస్సులో తెలుగు అక్షరాలు లేవని ఒకరు, పిల్లల్ని ఒడియా బడికి మార్చామని ఒకరు. కొందరు ఏమీ చెప్పరు, కళ్లు తుడుచుకుంటారు. అదీ రాసుకోండి.

రికార్డింగు సంగతులు త్వరగా చెప్తాను. ఫోను చాలు, ఖరీదైన మైకులు వద్దు. విమానం గుర్తు నొక్కి పెట్టండి, లేకపోతే సరిగ్గా ముఖ్యమైన చోట ఫోను మోగుతుంది. మడత పెట్టిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో పెట్టండి. ఫ్యాను ఆపమంటే వేసవిలో పెద్దవాళ్లకు కష్టం. అందుకే తెల్లవారాక కాసేపటికి, వరండాలో కూర్చోండి. ముందు ఒక నిమిషం రికార్డు చేసి, విని, అప్పుడు మొదలుపెట్టండి. ఆ తాతగారి గంట అలాగే పోయింది కదా. వేవ్ (WAV) ఫార్మాట్‌లో పెడితే ఒక గంట మోనో రికార్డింగుకు సుమారు 350 ఎంబీ అవుతుంది, దానికి తగ్గ చోటు చూసుకోండి. మొదట్లో తేదీ, వీధి, ఎవరు అడుగుతున్నారో మీ గొంతుతో చెప్పండి. అదే రోజు మూడు చోట్ల పెట్టండి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల ఇంట్లో. తుఫాను జిల్లాలో ఉన్నాం మనం, మూడూ ఒకే ఇంట్లో ఉంచకండి. మగ్గం ఆడుతున్న ఇల్లు ఒక్కటైనా మిగిలి ఉంటే ఎవరూ మాట్లాడకుండా ఆ చప్పుడును పది నిమిషాలు విడిగా రికార్డు చేయండి.

గంట మాటను పూర్తిగా ఎత్తి రాయడానికి నాకు ఇప్పటికీ ఒక రోజంతా పడుతుంది. అన్నీ రాయాలని కూర్చుంటే మూడో ఇంటికే నీరసపడతారు. ముందు ఎన్నో నిమిషంలో ఏ సంగతి వచ్చిందో సూచిక రాసుకోండి. పూర్తిగా రాయవలసినవి తర్వాత తేలతాయి.

అనుమతి గురించి మాత్రం తొందరపడకండి. రికార్డు చేయడానికి ఒక అనుమతి, ఇతరులకు వినిపించడానికి ఇంకో అనుమతి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి మూడోది. మూడూ వేర్వేరుగా, ఆ మనిషి భాషలో అడిగి, ఆ జవాబు కూడా రికార్డు చేయండి. చదువు రానివారితో కాగితం మీద వేలిముద్ర వేయించకండి; వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న కథలు మన ఊళ్లలో చాలా ఉన్నాయి, ఆ కాగితం చూడగానే భయపడతారు. మాట్లాడుతూ మాట్లాడుతూ పొరుగింటి కోడలు సంగతో, అన్నదమ్ముల పంపకాల తగువో వస్తుంది. అది చెప్పినవారిది మాత్రమే కాదు, చెప్పబడినవారిది కూడా. వాట్సాప్‌లో అర నిమిషం ముక్క పెట్టినా వీధి వీధంతా రెండుగా చీలిపోగలదు. మర్నాడు వచ్చి "నిన్న చెప్పింది తీసేయండి" అని ఎవరైనా అడిగితే, ఎంత గొప్ప సంగతి అయినా తీసేయండి. నేను అలా తీసేసినవి ఉన్నాయి. ఆ ఇళ్లలో నాకు ఇప్పటికీ మంచినీళ్లు ఇస్తారు.

ఇంకొక్క మాట. మీ ప్రశ్నలో "మన వీధి" అని నాలుగుసార్లు రాశారు. ఆ వీధి ఎక్కడిదాకా ఉందో మీరు నిర్ణయించుకోవాలి. నేతవారి ఇళ్లతోనే ఆగుతుందా? మలుపులో ఉన్న ఒడియా కుటుంబం, మూల మీద దుకాణం పెట్టుకున్న ముస్లిం ఆయన, తెల్లవారకముందే మీ కాలువలు శుభ్రం చేసి వెళ్లే తెలుగు పారిశుద్ధ్య పనివారు, వీళ్లందరూ మీ వీధిని చూశారు, మీరు చూడని వైపు నుంచి. ముఖ్యంగా ఆ పనివారి పేటలకు వెళ్లండి. వాళ్లది కూడా తెలుగే. వాళ్ల తాతలు ఎందుకు, ఎక్కడి నుంచి వచ్చారో వాళ్లను ఎవరూ అడగలేదు. మన వీధిలో వాళ్లకు మంచినీళ్లు ఏ గ్లాసులో ఇచ్చేవారో కూడా చెప్తారు. ఆ మాట వినడం కష్టంగా ఉంటుంది. వినండి, దిద్దకండి, మన తాతల తరఫున సమాధానం చెప్పబోకండి.

పర్లాకిమిడి, గుణుపురం వైపు చుట్టాలు ఉంటే వాళ్లను కూడా ఈ పనిలోకి దించండి. 1900లో శ్రీకాకుళం వైపున్న నౌపడా నుంచి పర్లాకిమిడికి, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లిన చిన్న రైలును ఎక్కినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. దాని గురించి అడిగితే ఎవరూ "నాకేం తెలుసు" అనరు.

మీరు రేపే ఆ మామ్మ దగ్గరికి మళ్లీ వెళ్లండి, ఫోను సంచిలోనే ఉంచి. కండె ఎలా చుట్టాలో నేర్పమని అడగండి. నిజంగానే నేర్చుకోండి, పది పోగులు తెంపండి. రెండో రోజో మూడో రోజో ఆమే "ఆ ఫోను ఏదీ?" అని అడిగేవరకు తీయకండి. మొదటి రోజు ఆమె "నాకేం తెలుసమ్మా" అన్న పదిహేను సెకన్లు మీ ఫోనులో ఉండే ఉంటాయి. దాన్ని చెరపకండి. తేదీ వేసి, సూచికలో మొదటి వరుసలో రాసిపెట్టండి.